ఊరి ఫోటో స్టూడియో

పెళ్లి ఫోటోలు తీసేవారికి కెమెరా కంటే ముందు పెళ్లి తెలియాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెరకు ఏ పక్కన నిలబడాలో, తలంబ్రాలప్పుడు షట్టర్ వేగం ఎంతకు పెంచాలో తండ్రి పక్కన ఫ్లాష్ పట్టుకుని నిలబడ్డ కొడుక్కి బాగా వంటబడుతుంది. చిన్న ఊళ్ల స్టూడియోలంటే నాకు అందుకే అంత గౌరవం. రీలుకు 36 ఫోటోలే దక్కే రోజుల్లో ఆ తండ్రి ప్రతి ఫోటోనూ ఆచితూచి తీశాడు. కొడుకు ఫోటోషాప్ నేర్చుకుని ఆల్బం డిజైనింగ్ ఇంట్లోనే మొదలుపెట్టాడు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు. అప్పుడే ఇంట్లోవాళ్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ముఖం మీద వెలుగునీడలు ఎలా పడతాయో సాధన చేస్తారు. కోడలు కూడా కెమెరా పడితే ఓణీల ఫంక్షన్లో ఆడపిల్లలు బిడియం లేకుండా నవ్వుతారు. ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. ఆయన కొడుకులూ ఆ వృత్తిలోకే వచ్చారు.

పాప అన్నప్రాసనకైనా, పాస్‌పోర్టు ఫోటోకైనా ముందు మీ ఊరి స్టూడియోకే వెళ్లండి. బేరమాడేటప్పుడు, రాత్రుళ్లు కూర్చుని వాళ్లు రంగులు సరిచేసే పనినీ లెక్కలో వేయండి.