సశేషానికీ సమాప్తానికీ మధ్య

వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన తరానికి రెండు మాటలు బాగా పరిచయం: సశేషం, సమాప్తం. మొదటిది వారం వారం కనిపించేది, రెండోది ఒక్కసారే వచ్చేది. ధారావాహిక ఎంత సాగదీసినదైనా, ఎంత తొందరలో రాసినదైనా, ఎప్పుడో ఒకప్పుడు సమాప్తం పడేది. ఆ తరువాతే అది నవలగా అట్టల మధ్యకు చేరి విమర్శకుడి చేతికి వచ్చేది. అంతర్జాలంలో నిత్యం వెలువడే రాతలకూ వీడియోలకూ సమాప్తం లేదు. అక్కడ ప్రతిదీ సశేషమే. కనుక ఆగదలచిన వ్యక్తి, ఆ రూపంలో లేని ముగింపును తానే కల్పించుకోవాలి. ఇలా బుద్ధిపూర్వకంగా తీసుకొనే విరామాన్ని మనం అలసటగానో, ఆరోగ్య సమస్యగానో చూసి వదిలేస్తున్నాం. అది రచనకు సంబంధించిన నిర్ణయమనీ, అందువల్ల విమర్శ పరిధిలోకి వస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

అంతర్జాలానికి ముందరి ఉదాహరణతో మొదలుపెట్టడం మేలు. బిల్ వాటర్సన్ గీసిన ‘కాల్విన్ అండ్ హాబ్స్’ 1985 నవంబరులో అమెరికా పత్రికల్లో మొదలయింది. రోజుకొక బొమ్మకథ, ఆదివారం రంగుల్లో పెద్దది. ఆయన 1991 మే నుంచి 1992 జనవరి ఆఖరు వరకూ ఒకసారి, 1994లో ఏప్రిల్ నుంచి సంవత్సరాంతం వరకూ మరొకసారి గీయడం ఆపారు. ఆ నెలల్లో పత్రికలు పాత బొమ్మలనే మళ్ళీ వేసుకున్నాయి. ఇక్కడ గమనించవలసింది విరామం పొడవు కన్నా తిరిగి వచ్చిన తీరు. అంతవరకూ ఆదివారపు బొమ్మకథను, పై వరుస గళ్ళు తీసేసినా కథ చెడకుండా గీయవలసి వచ్చేది. మిగిలిన గళ్ళను పత్రికలు తమ వీలును బట్టి పేర్చుకొనేవి. మొదటి విరామం తరువాత వాటర్సన్ దీనికి ఒప్పుకోలేదు. విడగొట్టడానికి వీల్లేని అరపేజీ కావాలన్నారు. కొందరు సంపాదకులు విసుక్కున్నా ఆయన మాటే నెగ్గింది. ఆపైన ఆదివారాల్లో గళ్ళ పరిమాణాన్నీ అమరికనూ కథే నిర్ణయించింది. చివరకు 1995 డిసెంబరు 31న, ఆదరణ తగ్గకముందే, ఆయన సమాప్తం పలికారు. ఆ తొమ్మిది నెలల మౌనం ఫలితం పుటమీద కంటికి కనిపిస్తుంది.

ఈ కొలతతో మన కాలపు విరామాలను చూడవచ్చు. బ్రిటన్‌కు చెందిన టామ్ స్కాట్ 2014 నుంచి పదేళ్ళపాటు యూట్యూబులో వారం వారం వీడియోలు చేసి, 2024 జనవరి 1న ఆ క్రమాన్ని ఆపారు. ఆయన ఆపింది వారానికొకటన్న కట్టుబాటును మాత్రమే. వీడియోలు చేయడాన్నే వదులుకుంటున్నానని అనలేదు. ఏది ఆపుతున్నాడో ఇంత కచ్చితంగా చెప్పినవాడు, మొత్తాన్నీ తిట్టి వెళ్ళిపోయేవాడికన్నా నిజాయితీపరుడని నా అభిప్రాయం.

ఆండ్రూ సల్లివాన్ సంగతి ఇంకొంచెం చిక్కైనది. రోజుకు అనేక పర్యాయాలు, వారంలో ఏడు రోజులూ ఏళ్ళతరబడి రాసిన ఆయన 2015 ఆరంభంలో ఆపేశారు. 2016 సెప్టెంబరులో ‘న్యూయార్క్’ పత్రికలో ఒక దీర్ఘవ్యాసం రాశారు. ఫోన్ అప్పగించి ధ్యాన శిబిరంలో గడిపిన రోజులే దానికి కేంద్రం. వ్యాసం శక్తిమంతమైనదే. అయితే అది ఒక ఉత్పత్తి పద్ధతికి సంబంధించిన ప్రశ్నను వ్యక్తి ఆత్మకు సంబంధించిన ప్రశ్నగా మారుస్తుంది. మౌనం వల్ల మనసు ఏమయిందో వివరంగా తెలుస్తుంది. వాక్యం ఏమయిందో అంతగా తెలియదు. దానికి జవాబు ఆయన తరువాతి ఆచరణలో దొరుకుతుంది: 2020లో సొంత పత్రిక మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అది వారపత్రిక అయింది.

వేదికల యజమానులు విరామాన్ని ఎలా చూస్తారో కూడా తెలుసుకోవాలి. యూట్యూబ్ అధిపతిగా ఉన్న సూసన్ వొజిస్కీ 2019 నవంబరులో వీడియోలు చేసేవారికి ఒక లేఖ రాశారు. అలసిన వారు విశ్రాంతి తీసుకోవచ్చని, లక్షలాది ఛానళ్ళను పరిశీలిస్తే విరామం తరువాత సగటున వీక్షణలు పెరిగాయే కాని తగ్గలేదని దాని సారాంశం. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ధైర్యవచనంలోని తర్కం చూడండి: ఏ లెక్కనుంచి బయటపడాలని మనిషి ఆగాడో, ఆగడం సబబేనని ఆ లెక్కతోనే రుజువు చేస్తోంది. ఇలాంటి విరామం భోజనవేళ ఆగిన యంత్రం లాంటిది. తిరిగి తిరగడమే దాని పని.

ప్రవాసాంధ్రులకు ఇది దూరపు సంగతి కాదు. న్యూజెర్సీలో చలికాలపు రాత్రి తొమ్మిదంటే హైదరాబాదులో మర్నాటి ఉదయం ఏడున్నర. ఉద్యోగం ముగించుకుని, పిల్లలను పడుకోబెట్టి, అక్కడివారు కాఫీ తాగే వేళకు అందేలా ఇక్కడ రాస్తున్నవారు ఎందరో. వారి ముడిసరుకు ప్రధానంగా రెండు చోట్లనుంచి వస్తుంది: ఇక్కడి దైనందిన జీవితం, అక్కడి బాల్యం. మొదటిది అనుభవంగా మారకముందే రాతగా మారిపోతోంది. తొలి మంచును చూసే కన్ను అప్పుడే దానికి శీర్షిక వెతుకుతోంది. రెండోదానికి మరో ప్రమాదం. వారానికొకటి చొప్పున ఖర్చుపెట్టేంత పెద్దది కాదు ఎవరి బాల్యమైనా. నిల్వ తరిగాక మిగిలేవి రెండే దారులు: చెప్పిందే చెప్పడం, జరగనిది జ్ఞాపకంగా చెప్పడం. మన ప్రవాస జ్ఞాపక వ్యాసాల్లో అమ్మమ్మలూ ఆవకాయలూ ఒకే అచ్చులో పోసినట్టుండటానికి ప్రతిభ కొరత కన్నా ఈ తొందరే ఎక్కువ కారణం.

దీనికి రెండు బలమైన అభ్యంతరాలున్నాయి. ఆగడం స్థోమత ఉన్నవారికే సాధ్యమన్నది మొదటిది. నిజమే, వాటర్సన్‌కూ స్కాట్‌కూ అప్పటికే పేరుంది. రాబడి కోసం వీడియోలు చేసేవారికి ఈ వాదన వర్తించదు. కానీ ప్రవాసంలో తెలుగు రాసేవారిలో చాలామందికి జీవిక వేరే ఉద్యోగం. మనల్ని తరుముతున్నది ఆకలి కాదు, అలవాటు. అంతర్జాలంలో తెలుగే తక్కువైనప్పుడు ఉన్నవారిని ఆగమనడమేమిటన్నది రెండోది. ఇది తేలిగ్గా తీసెయ్యదగినది కాదు. అయితే భాషకు కావలసింది పుటల సంఖ్య మాత్రమే కాదు, మళ్ళీ చదవదగ్గ పుటలు కూడా.

సేద్యపు భాషలో ఈ తేడా స్పష్టంగా ఉంది. పట్టించుకోక వదిలేస్తే పొలం బీడు పడుతుంది. వేసవి దుక్కి దున్నిన పొలంలోనూ పైరు ఉండదు. కాని అక్కడ కలుపు వేళ్ళూ పురుగుల గుడ్లూ ఎండకు చస్తాయి, తొలకరి నీరు లోపలికి ఇంకుతుంది. దూరంనుంచి చూసేవారికి రెండూ ఖాళీ నేలలే.

ఆ తేడా కనిపెట్టడం విమర్శ పని. తిరిగి వచ్చిన రచయితను ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని పలకరించడం మర్యాద. మునుపు రాయలేనిది ఇప్పుడేమి రాశారని అడగడం విమర్శ. ఈ రెండో ప్రశ్న వేసే పాఠకులున్నారని తెలిస్తే, ఆగడానికి భయపడుతున్నవారిలో కొందరికైనా ధైర్యం వస్తుంది.