నాణెం కాపలా కాసే బీరువా

ఒక గ్రంథానికి ఒక్కటే ప్రతి ఉంటే దానికి ఎప్పుడూ ప్రమాదమే. పలుచోట్ల ప్రతులుంటే అది నిలుస్తుంది. కంప్యూటర్లలో దాచే సమాచారానికీ ఇదే న్యాయం. కాని పరుల ఫైళ్లను తన యంత్రంలో ఊరకే దాచేవారెవరు? ఈ ప్రశ్నకు ‘ఫైల్‌కాయిన్’ అనే పథకం ఒక సమాధానం చెప్పింది. దాచినవారికి నాణేల రూపంలో కూలి ముట్టవలె. ఆ లెక్క ‘బ్లాక్‌చెయిన్’ అనే ఉమ్మడి చిట్టాలో, ఏ ఒక్కరి పెత్తనమూ లేకుండా నడవవలె. అమెరికాలోని ప్రోటోకాల్ ల్యాబ్స్ సంస్థ 2017లో ఈ పథకాన్ని సవివరంగా ప్రకటించి, 2020 అక్టోబరులో అమలుకు తెచ్చింది. దీని గుణదోషాలను విచారించుదాము.

మొదట గుణం. దాచితినని చెప్పి ఫైలును పారవేసేవానిని పట్టుకొనే ఉపాయం ఇందులో ఉన్నది. దాచేవాడు ఫైలును తనకే ప్రత్యేకమైన రూపంలోకి మార్చి, ఆ సంగతిని గణితరీత్యా రుజువు చేయవలె. కాబట్టి ఒకే ప్రతిని చూపి పది ప్రతులకు కూలి అడగడం సాగదు. ఆపైన ప్రతి 24 గంటలకు ఒకసారి, ముందుగా తెలియని భాగాలను గురించి వచ్చే ప్రశ్నలకు జవాబీయవలె. తనిఖీ అధికారి బీరువాలోని పుస్తకాలన్నీ లెక్కించక, తనకు తోచిన నాలుగింటిని తీసి చూపమన్నట్లే ఇది. తప్పినవాని ధరావతు నుండి జరిమానా పోతుంది. ఇది మెచ్చదగిన కల్పన.

ఇక దోషాలు. పలువురి వద్ద ఖాళీగా పడివున్న జాగాను వినియోగించవచ్చునన్నది ఇట్టి పథకాలకు మూలమైన ఆశ. కామారెడ్డి జిల్లా భిక్నూర్‌లోని ఒక ఉన్నత పాఠశాలనే తీసుకొందాము. అక్కడి కంప్యూటరులో ఎంత జాగా మిగిలినా ఈ పనికి చాలదు. ఆ రుజువులను తయారుచేసే యంత్రానికి కనీసం 128 గిగాబైట్ల ర్యామ్, రాత్రింబగళ్లు విద్యుత్తు, ముందుగా కట్టే ధరావతు కావలె. అందరిదీ అనుకొన్న పని పెట్టుబడి గలవారి పని అయినది.

రెండవ దోషం ఇంతకంటె లోతైనది. ఎవరి ఫైలూ లేని ఖాళీ జాగాను అప్పగించినా ఇందులో బహుమానం లభిస్తుంది. దీనిని సరిదిద్దుటకు, పనికివచ్చే సమాచారమని ధ్రువీకరించినదానికి 10 రెట్లు విలువ కట్టే ఏర్పాటు చేశారు. ధ్రువీకరించేది ఎవరు? మనుష్యులే. ఎవరినీ నమ్మనక్కరలేదన్న పథకం చివరకు మనుష్యుల వివేకాన్నే ఆశ్రయించింది. పైగా ప్రతి ఒప్పందానికీ గడువు ఉన్నది. అది తీరినప్పుడు, ఈ ఫైలు ఇంకా కావలెనని ఎవరో ఒకరు తలచుకోవలె.

మన తెలుగు పుస్తకాల అనుభవమూ ఇట్టిదే. రాజ్ రెడ్డిగారి ప్రేరణతో 2000 తరువాత సాగిన పది లక్షల పుస్తకాల ప్రణాళికలో వేలకొలది తెలుగు గ్రంథాలు ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’కు చేరాయి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడినది. అయినా అందులోని గ్రంథాలు అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ చదువుకొనవచ్చును. వాటిని నిలిపినది నాణేల ఆశ కాదు, అవి కావలెననుకొన్నవారి శ్రద్ధ. ఒక్కచోటనే నమ్ముకొంటే ఏమవుతుందో కూడా ఈ ఉదంతమే చెబుతున్నది. కనుక ఫైల్‌కాయిన్ లేవదీసిన ప్రశ్న సరియైనదే.

ఫైలు ఉన్నదని యంత్రం రుజువు చేయగలదు. అది ఉండదగినదని చెప్పలేదు. భిక్నూర్ విద్యార్థులు తమ ఊరి చరిత్రను వ్రాసి దాచదలచితే, ఏవి దాచవలెనో ముందుగా ఉపాధ్యాయులతో కూడి నిర్ణయించవలె. ఆపై మూడు చోట్ల ప్రతులుంచి, ఏటేటా తెరచి చూచుకోవలె. ఆ పనికి ఏ నాణెమూ అక్కరలేదు.