నెట్ సెంటర్ రిజిస్టరు

నెట్ సెంటర్ నడిపినవాళ్లకి ఒక విద్య అబ్బేది. కౌంటర్ దగ్గర కూచునే, ప్లైవుడ్ క్యాబిన్లో మనిషి కనబడకపోయినా, లోపల ఏం జరుగుతోందో చెప్పేసేవారు. గుండుగొలను, భీమడోలు, పూళ్ల, ఎక్కడ చూసినా అదే వరస: ముందు జిరాక్సు మిషను, వెనక నాలుగైదు సిస్టాలు, ఒక్కోదానికి ఆకుపచ్చ గుడ్డ తెర, గోడ మీద 'అర్ధగంట 10 రూపాయలు'. కీబోర్డు టకటకా మోగుతుంటే చాటింగు. మౌసు ఉండుండి క్లిక్కుమంటుంటే రిజల్ట్సో, సినిమా వార్తలో. ఏ చప్పుడూ లేకుండా కుర్చీ ఒక్కటే కిర్రుమంటే ఓనరు గొంతు సవరించుకునేవాడు. కొల్లేటి చెరువుల మీద కాపలా ఉండేవాళ్లకీ నీళ్లలో చేప కనబడదు. కర్రలకి వేలాడదీసిన తవుడు సంచులు ఎంత తొందరగా ఖాళీ అవుతున్నాయో చూసి దాని ఆరోగ్యం చెప్పేస్తారు. ఇదీ ఆ బాపతే.

తర్వాత సాఫ్ట్‌వేర్లొచ్చి ఆ విద్యని కొంత చెడగొట్టాయి. టైము లెక్క కోసమని వేసుకున్నవే, చూపు కూడా ఇచ్చాయి. కౌంటర్ మీది సిస్టంలో ప్రతి కంప్యూటరు తెరా చిన్న బొమ్మగా కనబడేది. నొక్కితే పెద్దదయ్యేది. ఇంకోటి నొక్కితే అవతలి మౌసు ఇతని చేతికొచ్చేది. కువైట్‌లో ఉన్న కూతురితో మాట్లాడదామని వచ్చిన పెద్దావిడ ఎక్కడ నొక్కాలో తెలీక బిక్కమొహం వేస్తే, "మీరు చెయ్యి తీసెయ్యండి పిన్నిగారూ, నేను కలుపుతాను" అని కూచున్న చోటినుంచే కాల్ కలిపేవాడు మా ఊరి ఓనరు. అవతలి మొహం కనబడగానే ఇవతల ఆ బొమ్మ మూసేసేవాడు. మూసెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటర్ రిజల్ట్స్ రోజైతే నంబరు కొట్టేది తనే కాబట్టి, ఎవరు పోయారో వాళ్లకన్నా ముందు అతనికే తెలిసేది. పోయినవాడి పేరు పిలిచేవాడు కాదు. "రారా, టీ తాగొద్దాం" అని రోడ్డు మీదికి తీసుకుపోయేవాడు.

అమెరికాలో ఈ కొలువు ఇంకా పాతది. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు స్నేహితులు మొదటి బులెటిన్ బోర్డు సిస్టమ్‌ని టెలిఫోను లైనుకి తగిలించారు. ఊళ్లో ఎవరైనా తమ కంప్యూటర్నుంచి దానికి ఫోను చేసి, కబుర్లు రాసిపెట్టి, అవతలివాళ్లవి చదువుకుని పెట్టేసేవారు. ఒక్కటే లైను, కాబట్టి ఒకసారికి ఒకడే. తర్వాత ఇలాంటివి వేలల్లో పుట్టాయి. నడిపేవాణ్ణి సిసాప్ అనేవారు. చాలామంది సిసాప్‌లకి అది పడగ్గది మూలన పెట్టుకున్న సరదా. చాలా బోర్డుల్లో, ఫోను చేసినవాడి తెర మీద ఏం కనబడుతుందో సిసాప్ తెర మీదా అదే పారుతుండేది. 300 బాడ్ మోడెం అంటే సెకనుకి 30 అక్షరాలు, మనిషి చదివే వేగమే. అవతలివాడు ఒక మాట కొట్టి, చెరిపి, మెత్తగా మార్చి మళ్లీ కొడితే ఆ తడబాటు కూడా ఇవతల కనబడేది. ఎక్కడైనా చిక్కుకుపోతే సిసాప్ ఒక మీట నొక్కి మధ్యలో దూరి "ఏమిటి సంగతి?" అని అడగొచ్చు. పిన్నిగారి మౌసు పట్టుకున్న మా ఓనరు చేసిందీ ఇదే.

నన్నడిగితే, ఆ చూపు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. చూసింది చూసినట్టే తెర మీదినుంచి జారిపోయేది. చిక్కంతా నిలవుండిపోయిన దానితో. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీసు వాళ్లు టెక్సస్‌లోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల కంపెనీ మీద పడి, వాళ్ల ఇల్యూమినాటి బులెటిన్ బోర్డు నడిచే కంప్యూటర్ని పట్టుకుపోయారు. అందులో గ్రహీతలు ఇంకా తెరవని ఉత్తరాలు 162 ఉన్నాయి. కంపెనీ కోర్టుకెళ్లింది. 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ సమాచార గోప్యతా చట్టం కింద 1993లో సీక్రెట్ సర్వీసుదే తప్పని తీర్పొచ్చింది. ఆ చట్టం వచ్చినప్పుడే చాలామంది సిసాప్‌లు భయపడి, మా బోర్డులో రహస్య ఉత్తరాలంటూ ఏవీ ఉండవు, అన్నీ మేం చూడగలం అని ముందే నోటీసు పెట్టేశారు. నాకది మర్యాదగానే తోస్తుంది. చూస్తామని చెప్పి చూసేవాడితో పేచీ ఏముంది?

అదే 1986లో మన పార్లమెంటు ఉత్తరాలు ఆపి విప్పే అధికారాన్ని ప్రభుత్వానికి ఇంకా పెంచుతూ తపాలా సవరణ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దాని మీద సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. అలా బల్ల మీద ఉంచేశారు.

మా ఓనరు బల్ల మీదికి మాత్రం 2011లో రిజిస్టరు వచ్చింది. ఆ ఏప్రిల్లో కేంద్రం సైబర్ కేఫ్ నిబంధనలు పెట్టింది. గుర్తింపు కార్డు చూడాలి, కాపీ ఉంచుకోవాలి. పేరు, చిరునామా, వచ్చిన టైము, వెళ్లిన టైము రాయాలి. ఎవరు ఏ సైటు చూశారో ఆ చరిత్ర ఏడాదికి తగ్గకుండా దాచాలి. నెలవారీ లెక్క మరుసటి నెల 5వ తేదీకల్లా అడిగినచోట ఇవ్వాలి. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. కార్డు లేని పిల్లలు పెద్దవాళ్లతోనే రావాలి. దొంగ మెయిళ్లూ బెదిరింపు మెయిళ్లూ నెట్ సెంటర్లనుంచే వస్తున్నాయన్నది పోలీసుల బాధ, కాదనను. కానీ ఆ రూల్స్‌తో కన్ను చేసే పని పుస్తకానికి వెళ్లింది. మా ఓనరు వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ కోయించాడు. తెరలు తీసేశాడు. పొడుగు నోటుబుక్కుకి గళ్లు గీసి, బాల్‌పెన్ను దారంతో కట్టాడు. అంతకుముందు 'పోయినవాడు' ఎవరో అతని కడుపులోనే ఉండేది. ఇప్పుడు ఎవరు ఎంతసేపు కూచున్నారో తర్వాత వచ్చినవాడు తన పేరు రాస్తూ పైవరసల్లో చదువుకునేవాడు. పక్కింటమ్మాయి ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడానికే పేజీ తిప్పిన కుర్రాళ్లని చూశాను. ఇక ఆ కార్డుల జిరాక్సులు అట్టపెట్టె నిండేదాకా పోగుపడి, నిండాక పాత కాగితాలవాడికి వెళ్లేవి. భీమడోలులో బజ్జీ బండి దగ్గర నాకు చుట్టిచ్చిన కాగితం మీద నూనె మరకలోంచి ఎవరిదో ఓటరు కార్డు ఫొటో, తండ్రి పేరుతో సహా కనబడింది.

స్మార్టు ఫోన్లొచ్చాక రిజిస్టరు అవసరమే పోయింది. సిస్టాల్లో ఒక్కటే మిగిలింది. ఓనరు ఇప్పుడు అప్లికేషన్లు పెడతాడు: పాన్ కార్డు, పింఛను, రైలు టిక్కెట్టు. "ఓటీపీ చెప్పండి బాబాయిగారూ" అంటాడు, వీధి వినేట్టు చెబుతారు. అతని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో సగం ఊరి ఆధార్ కార్డులున్నాయి, ఇంటి పేర్లతో సహా. పని అయిపోయాక వివరాలు చెరిపెయ్యాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం అంటుంది. అదే చెప్పి, నా కార్డు తీసెయ్యవయ్యా అన్నాను.

"ఆయ్, తీసేస్తానండీ. కానీ మళ్లీ వచ్చినప్పుడు 'నాది నీ దగ్గరుందిగా' అంటారు. ఉంచినందుకు ఎవరూ ఏమనలేదండీ. తీసేసినందుకు తిట్టిపోయినవాళ్లున్నారు."

అంటూనే తీసేశాడు. రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీయించాను. ప్రింటరు పక్కన పడున్న కాపీ అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. వాట్సాప్‌లో అతనికి నేనే పంపిన ఫొటో సంగతి ఇంటికొచ్చాక గాని తట్టలేదు. రేపు పొద్దున్న వెళ్లాలి.