హీరో మారినా అమృతం మారలేదు

2001 నవంబర్ 18, ఆదివారం. ఆ రాత్రి జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ 2007 నవంబర్ దాకా ఆదివారాలను తన పేరిట రాయించుకుంది. మొత్తం 313 భాగాలు. ఈ ఆరేళ్లలో అమృతరావు వేషం ముగ్గురి చేతులు మారింది. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. సినిమా సగంలో హీరోని మారిస్తే ప్రేక్షకుడు టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మంటాడు. ఇక్కడ మాత్రం జనం కాస్త గొణుక్కుని, మళ్లీ టీవీ ముందుకొచ్చి కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో చూస్తే ఆ సీరియల్ పనితనమంతా బయటపడుతుంది.

అమెరికాలోనూ ఇలాంటిది జరిగింది. ‘బివిచ్డ్’ అనే హాస్య ధారావాహికలో భర్త వేషం కట్టిన డిక్ యార్క్ నడుమునొప్పితో తప్పుకుంటే, 1969లో డిక్ సార్జెంట్ వచ్చాడు. కథలో దానికి సంజాయిషీ ఏమీ ఇవ్వలేదు. అది ఇద్దరితో ఆగింది, మనది ముగ్గురి దాకా వెళ్లింది.

నెల్లూరు సీమలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది కొత్త కిటుకేమీ కాదు. రామాయణమో భారతమో నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి నవ్విస్తారు. తెర వెనక బొమ్మ పట్టుకున్న చెయ్యి తండ్రిదైనా కొడుకుదైనా, తెర మీద కేతిగాడు కేతిగాడే. వాడేం మాట్లాడతాడో, ఎక్కడ నోరు జారతాడో జనానికి ముందే తెలుసు. తెలిసినా నవ్వుతారు. తెలుసు కాబట్టే నవ్వుతారు. పాత్ర కొలతలు గట్టిగా ఉంటే ఆడించేవాడు మారినా ఆట చెడదు.

‘అమృతం’ కొలతలు చూడండి. అమృతరావుకు రాత్రికి రాత్రే ధనవంతుడైపోవాలని ఆశ. పక్కింటి ఆంజనేయులు, అంటే అంజి, వద్దు వద్దంటూనే వెంటపడి తానూ ఇరుక్కుంటాడు. వాళ్లిద్దరి అమృత విలాస్ హోటల్లో పనిచేసే సర్వం చెప్పింది చెప్పినట్టే చేసి కొంప ముంచుతాడు. ఇంటి ఓనరు అప్పాజీ తన గొప్ప, తన లాభం తప్ప ఇంకోటి చూడడు. ఈ నలుగురినీ ఒక గదిలో పెట్టి ఒక చిన్న అవకాశం విసిరితే చాలు, కథ దానంతటదే నడుస్తుంది. పైగా భాగం ముగిసేసరికి ఎవరి బతుకూ బాగుపడకూడదు. హోటలు హోటలుగానే, అద్దె అద్దెగానే మిగలాలి. వచ్చే ఆదివారం మళ్లీ మొదటినుంచి మొదలు కావాలంటే ఓటమి తప్పనిసరి. ఈ నియమం పాటించడం రచయితకు కష్టం. పాత్రల్ని ప్రతివారం ఓడించాలి కానీ ప్రేక్షకుడికి దిగులు పుట్టకూడదు.

ఈ మనుషులూ ఈ ఓటములూ తెలిసినవే కాబట్టి ఈ సీరియల్ నాయుడుపేట లాంటి ఊళ్లకు దగ్గరైంది. గూడూరుకూ సూళ్లూరుపేటకూ మధ్య, పెద్దరోడ్డు పక్కనున్న ఊరు. టిఫిన్ హోటల్ భాగస్వాముల తగాదాలు, అద్దె అడిగే ఓనర్లు, లోపలి నుంచి ఆర్డరు తప్పు తెచ్చే కుర్రాళ్లు ఇక్కడివాళ్లకు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఊరు నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ఈ తగాదాలు మాత్రం ఏ జిల్లాలోకీ మారలేదు.

తెర వెనక మనుషులు కూడా ఆషామాషీ వాళ్లు కారు. సృష్టికర్త గుణ్ణం గంగరాజు అప్పటికే ‘లిటిల్ సోల్జర్స్’ (1996) తీసిన దర్శకుడు. తొలి భాగాలకు దర్శకత్వం వహించిన చంద్రశేఖర్ యేలేటి 2003లో గంగరాజు నిర్మాతగా ‘ఐతే’ తీశాడు. తర్వాత ఎస్.ఎస్. కాంచి దర్శకత్వం అందుకున్నాడు. టైటిల్ పాటకు సిరివెన్నెల సాహిత్యం, కల్యాణి మాలిక్ సంగీతం. సీరియల్ పాటే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. కష్టాలు చిన్నవేనని స్నేహితుడికి ధైర్యం చెప్పే ఆ పాట కథ మొదలవకముందే కథ స్వభావం చెప్పేస్తుంది. మూడో అమృతరావు హర్షవర్ధన్ నటుడే కాదు, రచయిత కూడా. తర్వాత ‘ఇష్క్’, ‘మనం’ లాంటి సినిమాలకు మాటలు రాశాడు. రాయడం తెలిసినవాడు నటిస్తే ఎదుటివాడి మాటకు చోటు వదులుతాడు. అమృతరావు, అంజి కలిసిన సన్నివేశాల్లో అది కనిపిస్తుంది.

ఆ చోటును నింపినవాడు అంజి వేషం కట్టిన గుండు హనుమంతరావు. నాటకరంగం నుంచి వచ్చి, 1987లో ‘అహ నా పెళ్లంట!’తో సినిమాల్లోకి అడుగుపెట్టిన నటుడు. నేను నవ్విస్తున్నాను చూడండి అన్న ధ్యాస ముఖంలో ఎక్కడా ఉండదు. నిజంగానే తంటాలో పడ్డ మనిషిలా ఉంటాడు. అమృతరావులు ముగ్గురు మారినా అంజి ఒక్కడే. కొలతలు గట్టివైతే ఆడించే చెయ్యి మారొచ్చన్న సూత్రానికి అదే హద్దు. ఒక కొస గట్టిగా పట్టుకున్నవాడు ఉంటేనే రెండో కొస చేతులు మారుతుంది. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. 2020 ఉగాదికి జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు అంజిగా ఎల్.బి. శ్రీరామ్ నటించాడు. నటుడిగా ఆయనకు వంక పెట్టలేం. అయినా చూస్తున్నంతసేపూ పాత అంజి గుర్తొస్తూనే ఉంటాడు.

2014లో గంగరాజే తీసిన ‘చందమామలో అమృతం’ సినిమా ఇంకో పాఠం. హోటలును చంద్రమండలం దాకా తీసుకెళ్లారు. ఊహ పెద్దదైంది, నవ్వు పలచబడింది. ఈ తరహా హాస్యానికి ఇరుకే బలం. అద్దెకొంప, నాలుగు బల్లలు, వెయ్యి రూపాయల ఆశ ఉంటే చాలు.

ఇప్పటి టీవీ హాస్యం ఎక్కువగా ఒంటి రంగు మీద, లావు మీద, మగవాళ్లు కట్టిన చీరల మీద నడుస్తోంది. ‘అమృతం’ మనిషి దురాశ మీద నవ్వింది, మనిషి మీద కాదు. ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగింది అందుకే. మళ్లీ అలాంటిది కావాలంటే ఛానళ్లు ముందు నటుల కోసం వెతకడం మానాలి. వారానికి ఒక్క అరగంట కేటాయించి, అది రాసేవాళ్లకు తగిన వ్యవధి, తగిన డబ్బు ఇవ్వాలి. పాత్రలు గట్టిగా రాస్తే నటులు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు.