నిమ్మకాయ చెప్పిన పాఠం

శ్రీహరికోట షార్‌లో రాకెట్ లేస్తుందంటే గూడూరులో మా వీధంతా మిద్దెలెక్కుతుంది. ఒకసారి మా మనవడు ఆగ్నేయం వైపు చెయ్యి చాపి, "తాతా, పైకి పోకుండా సముద్రం మీదికి వంగిపోతా ఉందే, పడిపోద్దా?" అన్నాడు.

భూమి లాగలేనంత ఎత్తుకు పోతేనే ఉపగ్రహం పడకుండా ఉంటుందని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ 500 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమ్యాకర్షణ ఇక్కడున్నదాంట్లో 85 శాతానికి పైనే ఉంటుంది. ఆ లెక్క చదివాక బుద్ధి ఒప్పుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు.

అందుకే వాడికి జవాబు చెప్పలేదు. మా ఊళ్లో నిమ్మకాయలకేం కొదవ? రెండు తెచ్చి పిట్టగోడ అంచున పెట్టాను. ఒకదాన్ని వేలితో కిందికి నెడతాను, రెండోదాన్ని అదే క్షణంలో నువ్వు చెక్కతో అడ్డంగా గట్టిగా కొట్టు. ఏది ముందు పడుతుందో ఇప్పుడే చెప్పమన్నాను. "నువ్వు నెట్టిందే. నాది దూరం పోవాల గదా!" అన్నాడు.

టప్‌మని ఒక్కటే చప్పుడు. వాడు నమ్మక మళ్లీ మళ్లీ చేశాడు.

ముందుకు పోయే వేగం కిందికి పడడాన్ని ఆపదు. పిట్టగోడ నుంచి నేలకు సుమారు 5 మీటర్లు, పడడానికి ఒక సెకను. గుండ్రటి భూమి మీద 8 కిలోమీటర్లు తిన్నగా పోతే, నేల కూడా సుమారు 5 మీటర్లు దిగిపోతుంది. గాలి అడ్డులేని చోట సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో కొడితే, నిమ్మకాయ ఎంత పడితే నేల అంత తప్పుకుంటుంది. న్యూటన్ కొండ మీది ఫిరంగిని ఊహించుకుని చెప్పింది ఇదే. రాకెట్ వంగేది ఆ అడ్డవేగం కోసం. తూర్పుకు పంపితే, భూమి తిరగడం వల్ల సెకనుకు 450 మీటర్లు ముందే కలిసొస్తాయి. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిందంటే, ఎత్తుతోపాటు ఆ వేగాన్నీ అందుకున్నట్టే.

మనసుకు ఎదురు నడిచే విషయాన్ని నేర్చుకోవాలంటే ముందు మన ఊహను నోరు విడిచి చెప్పాలి. చెప్పకపోతే జవాబు వినగానే తెలిసిందే కదా అనిపిస్తుంది, పాత ఊహ లోపల అలాగే ఉండిపోతుంది. తర్వాత ఆ ఊహ ఎక్కడ పుట్టిందో వెతకాలి. దూరం విసిరేటప్పుడు మనం రాయిని కాస్త పైకి విసురుతాం, అందుకే అది ఎక్కువసేపు గాల్లో ఉంటుంది. ఆ అనుభవం నిజమే. దాన్ని అన్నిటికీ అంటగట్టడమే పొరపాటు.

చీకటి పడ్డాక మనవడు చందమామను చూస్తూ, "అయితే అది కూడా పడతానే ఉందా?" అన్నాడు. "నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పు నాయనా" అన్నాను.