జాబితాలో రోగం, ఆసుపత్రిలో పడక: కోవిడ్ కాలపు ఆరోగ్యశ్రీ – ఒక విమర్శ

కోవిడ్ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేసిన తాత్కాలిక మార్పులను ఈ భాగంలో ఉభయ గోదావరి జిల్లాలను దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాం. ఒక పథకాన్ని విమర్శించడమంటే తప్పులు ఎన్నడం మాత్రమే కాదు. అది ఇచ్చిన మాటకూ, ఆ మాట నిలబడడానికి చేసిన ఏర్పాట్లకూ పొంతన ఉందా అని చూడడం.

ఆరోగ్యశ్రీ 2007లో ప్రారంభమైంది. 2020 జనవరి 3న ఏలూరులో ప్రారంభించిన ప్రయోగాత్మక దశతో పశ్చిమ గోదావరిలో 2,059 రోగాలకు విస్తరించింది. మూడు నెలలకే, ఏప్రిల్‌లో, ప్రభుత్వం కోవిడ్ చికిత్సను కూడా జాబితాలో చేర్చింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌ను చేర్చింది. ఈ నిర్ణయాల విలువ తక్కువది కాదు. 2020 జూలైలో ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకు నిర్ణయించిన ధరలు రోజుకు 3,250 రూపాయలతో మొదలై, వెంటిలేటరుపై ఉన్న విషమస్థితి రోగికి 10,380 వరకు ఉన్నాయి. అంటే పది రోజులకు లక్షా మూడు వేల ఎనిమిది వందలు. కౌలురైతు కుటుంబానికి ఇది అప్పుతో తప్ప తీరని మొత్తం.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా పెద్ద శస్త్రచికిత్సల కోసం రూపొందినది. శస్త్రచికిత్సకు తేదీ, ప్యాకేజీ ధర ముందే తెలుస్తాయి. కోవిడ్ రోగి ఎన్ని రోజులు ఉంటాడో, ఎప్పుడు విషమిస్తాడో ఎవరికీ తెలియదు. పైగా రోగులందరూ ఒకేసారి వచ్చారు. పడకలు కొరవడినప్పుడు, వెంటనే నగదు చెల్లించే రోగి వైపు ప్రైవేటు ఆసుపత్రి మొగ్గే ప్రమాదం ఉంటుంది. బీమా చికిత్స ఖర్చు భరిస్తుంది గాని పడకను సృష్టించదు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం 2021 మేలో, రెండో ఉద్ధృతి నడుమ కనిపిస్తుంది. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో 50 శాతం పడకలు కార్డుదారులకే కేటాయించాలని ప్రభుత్వం ఆదేశించింది. ధరలను కూడా పెంచింది. నా అభిప్రాయంలో మొత్తం మార్పుల్లో కీలకమైనది ఇదే. ఇది రోగాన్ని జాబితాలో చేర్చిన రోజే రావలసింది. ఏడాది ఆలస్యంగా వచ్చింది.

కోనసీమ లంక గ్రామాలను తలచుకుంటే విషయం స్పష్టమవుతుంది. ఊపిరాడని రోగిని రేవు దాటించి అమలాపురమో, కాకినాడో, రాజమహేంద్రవరమో చేర్చాలి. అక్కడ పడక లేకపోతే కార్డు చేతిలో ఉండీ లేనట్టే.

అమెరికా అనుభవంతో పోల్చి చూడండి. అక్కడ పేదల బీమా అయిన మెడికెయిడ్ నుంచి 2020 మార్చి మొదలు 2023 మార్చి 31 వరకు లబ్ధిదారులను తొలగించకుండా చట్టం చేశారు. అక్కడ ప్రధాన ప్రశ్న కార్డు నిలుస్తుందా అన్నది. మన దగ్గర అప్పట్లో ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు అర్హత ఉండడంతో అత్యధికులకు కార్డు ఉండేది. ప్రశ్న పడక దొరుకుతుందా అన్నది.

కాబట్టి తాత్కాలిక ఆరోగ్య విధానాన్ని మూడు ప్రశ్నలతో తూచాలి: ఎవరికి? ఎక్కడ? ఎప్పటి వరకు? బ్లాక్ ఫంగస్ వల్ల దవడ కోల్పోయిన వ్యక్తికి ఉద్ధృతి తగ్గిన తరువాత కూడా చికిత్స అవసరమే. కోవిడ్ కాలపు ఉత్తర్వులు మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిచ్చాయి, రెండో దానికి ఆలస్యంగా ఇచ్చాయి. మూడో దానికి జవాబు ఉత్తర్వు వెలువడిన రోజే అందులో ఉండాలని ఈ అనుభవం నేర్పుతోంది.