సమీకరణం తుల్యమైంది, మరి కొలిమి సంగతి?

బస్తర్‌లోని బైలాడిలా కొండల గురించి మీరు వినే ఉంటారు. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. ఎన్.ఎం.డి.సి. 1968 నుంచి అక్కడ హెమటైట్ తవ్వుతోంది. ఆ ముడి ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. జగదల్‌పూర్ సమీపాన నగర్నార్‌లోనూ 2023లో ఉక్కు కర్మాగారం మొదలైంది. ఇంత పెద్ద వ్యవహారాన్ని మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక్క పంక్తితో ముగిస్తాయి:

ఫెర్రిక్ ఆక్సైడ్ + 3 కార్బన్ మోనాక్సైడ్ → 2 ఇనుము + 3 కార్బన్ డయాక్సైడ్

ముందు ఈ పంక్తి గొప్పతనాన్ని ఒప్పుకుందాం. ఫెర్రిక్ ఆక్సైడ్ ఫార్ములాలో ఇనుము పరమాణువులు 2, ఆక్సిజన్ పరమాణువులు 3. కాబట్టి ఆక్సిజన్ ఎడమవైపు 6, కుడివైపూ 6. పరమాణు భారాలు వేసి చూడండి. 160 టన్నుల ఫెర్రిక్ ఆక్సైడ్, 84 టన్నుల కార్బన్ మోనాక్సైడ్ కలిసి 112 టన్నుల ఇనుము, 132 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. రెండువైపులా 244 టన్నులే. హెమటైట్ ఎంత స్వచ్ఛమైనదైనా అందులో ఇనుము 70 శాతానికి మించదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఎవరైనా 75 శాతమంటే నమ్మనక్కరలేదు!

మరి అభ్యంతరం ఎక్కడ? తుల్యం చేయడం నేర్పి పుస్తకం అక్కడే ఆగిపోతుంది. తుల్యమైనదల్లా నిజమేనన్న భ్రమ విద్యార్థికి మిగులుతుంది. ఈ రెండింటినీ చూడండి:

ఫెర్రిక్ ఆక్సైడ్ + 3 కార్బన్ → 2 ఇనుము + 3 కార్బన్ మోనాక్సైడ్

2 ఫెర్రిక్ ఆక్సైడ్ + 3 కార్బన్ → 4 ఇనుము + 3 కార్బన్ డయాక్సైడ్

క్రియాజనకాలు అవే. రెండు సమీకరణాలూ తుల్యమే. కొలిమిలో ఏది ఎంతమేరకు జరుగుతుందో గుణకాలు చెప్పలేవు. ఉష్ణోగ్రతను, వెలువడే వాయువులను కొలిచి తెలుసుకోవలసిందే.

మొదటి సమీకరణమైనా ఒక్క అంగలో జరిగేది కాదు. హెమటైట్ ముందు మాగ్నటైట్‌గా, ఆపైన ఫెర్రస్ ఆక్సైడ్‌గా, చివరికి ఇనుముగా క్షయకరణం చెందుతుంది. ఆ చివరి మెట్టు ద్విగత చర్య. అందుకే కార్బన్ మోనాక్సైడ్ లెక్కలో ఉన్నదానికన్నా ఎక్కువే కావాలి. కొలిమి పైనుంచి వచ్చే వాయువులో అది కొంత మిగిలే ఉంటుంది. ఒకేవైపు చూపే బాణం ఈ సంగతి దాచేస్తుంది.

ఇక బస్తర్ కమ్మరుల పాత మట్టికొలిమిని తలచుకోండి. కట్టెబొగ్గు, గాలి ఊదే తిత్తులు, అంతే. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ కొలిమి అంత వేడెక్కదు. అందుకే ఇనుము స్పాంజిలాంటి ముద్దగా దిగుతుంది. దాన్ని సుత్తితో మోది, చిక్కుకున్న లోహమలాన్ని బయటికి తీయాలి. ఆ మలంలో ఏముంది?

2 ఫెర్రస్ ఆక్సైడ్ + సిలికా → ఐరన్ సిలికేట్

అంటే ఖనిజంలోని ఇనుము కొంత కమ్మరి చేతికి రాకుండా మలంలోనే పోయింది. బ్లాస్ట్ కొలిమిలో ఈ నష్టం తగ్గించడానికే సున్నపురాయి వేస్తారు. సిలికా కాల్షియంతో కలిసిపోతుంది, ఇనుము దక్కుతుంది. పుస్తకంలోని ఒక్క పంక్తిలో సిలికా లేదు, సున్నపురాయి లేదు, మలం లేదు.

పాఠ్యపుస్తక రచయితలు ప్రతి సమీకరణం కింద మూడు ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు: ఎంత వేడిలో? ఏ మెట్ల మీదుగా? చివరికి ఇంకేం మిగిలింది? వారు రాసేదాకా మీరే అడగండి. అంకెలు సరిపోతే మార్కులు రావచ్చు. కొలిమిని అర్థం చేసుకోవడం మాత్రం ఆ తర్వాతే మొదలవుతుంది.